జలుబు సంగతి దాచాను, బాబుకి ఊపిరాడలేదు... తప్పు నాదేనా డాక్టర్ గారూ?

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించాం): మాది జగిత్యాల దగ్గర ఊరు. మా బాబుకి ఐదేళ్లు. సంక్రాంతి రోజు పతంగి ఎగరేస్తూ డాబా మెట్ల మీంచి పడ్డాడు, ఎడమ చేయి విరిగింది. ఆసుపత్రి క్యాజువాలిటీలో తొడకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి ఎముక సరిచేశారు. నేను పక్కనే ఉన్నాను. పని అయిపోయి పిండికట్టు వేస్తుంటే బాబు గొంతులోంచి కోడి కూసినట్టు శబ్దం వచ్చింది. డొక్కలు ఎగరేశాడు. తర్వాత ఆ శబ్దం కూడా ఆగిపోయింది, పెదాలు నల్లబడ్డాయి. డాక్టర్ మా బాబు రెండు చెవుల వెనక వేళ్లతో గట్టిగా నొక్కి, మూతికి మాస్కు పెట్టి బెలూన్ లాంటిది ఒత్తారు. నన్ను బయటికి పంపేశారు. కాసేపటికి పిలిచి "గొంతు బిగుసుకుపోయింది, ఇప్పుడు బాగానే ఉన్నాడు" అన్నారు. సాయంత్రం రెండు వాంతులయ్యాయి. రాత్రికి ఉంచుకుని మర్నాడు పంపించారు. ఇప్పుడు మామూలుగానే ఆడుకుంటున్నాడు. మెడికల్ షాపు నడిపే మా బంధువు "డోసు ఎక్కువైంది, ఊట ఆగే ఇంజెక్షన్ ముందుగా ఇవ్వలేదు, కేసు పెట్టండి" అంటున్నాడు. మెదడుకి దెబ్బ తగిలి ఉంటుందని మా అత్తమ్మ ఏడుస్తోంది. ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. అప్పటికి నాలుగు రోజులుగా బాబుకి జలుబు, దగ్గు. డాక్టర్ అడిగితే లేవన్నాను. చెబితే చేయకుండా పెద్దాసుపత్రికి పొమ్మంటారని భయపడ్డాను. పొద్దున ఇడ్లీలు తిన్న సంగతి కూడా సరిగా చెప్పలేదు. ఇప్పుడు రాత్రంతా బాబు ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. వేసవి సెలవుల్లో వాడికి హెర్నియా ఆపరేషన్ చేయించాలి. మళ్లీ మత్తు ఇవ్వచ్చా? కేసు షీటు జిరాక్స్ పంపుతున్నాను.

సమాధానం: అమ్మా, ముందు మీ నిద్ర సంగతి చూద్దాం. మిగతావన్నీ తర్వాత.

బాబుకి ఇచ్చిన మందు కెటమిన్. తొడ కండరానికి ఇచ్చిన కెటమిన్ ఐదు నిమిషాల్లోపే పని మొదలుపెడుతుంది, గంటన్నర రెండు గంటల్లో పిల్లవాడు చాలావరకు తేరుకుంటాడు. మర్నాడు మీరు ఇంటికి వచ్చేసరికే దాని పని అయిపోయింది. ఆ రోజు గొంతు బిగుసుకోవడానికి కారణం అప్పుడు ఒంట్లో ఉన్న మత్తు. మత్తు దిగిపోయాక, రోజులు గడిచాక, ఇంట్లో నిద్రపోతున్న పిల్లవాడికి అది తిరిగి రాదు. మీరు వేలు పెట్టి చూడాల్సిన అవసరం లేదు. ఈ మాట నేను ధైర్యం చెప్పడానికి అనడం లేదు. ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు మత్తు ఇస్తున్న డాక్టర్‌గా చెబుతున్నాను.

ఇక మెదడు. కేసు షీటులో సిస్టర్ చేతిరాత చాలా బాగుంది, ప్రతి నిమిషం రాసి పెట్టారు. 1:34కి శబ్దం మొదలైంది. రక్తంలో ఆక్సిజన్ అతి తక్కువగా 71 శాతానికి పడింది. 1:36కి 98కి వచ్చేసింది. ఈ మధ్యలో గుండె వేగం ఒక్కసారి కూడా తగ్గలేదు. నేను ముందు వెతికింది ఆ గుండె అంకెలనే. పిల్లల్లో ఆక్సిజన్ ప్రమాదకరంగా, ఎక్కువసేపు తగ్గితే గుండె నెమ్మదిస్తుంది. మీ బాబు గుండె చివరిదాకా గట్టిగా కొట్టుకుంది, అంటే మెదడుకి రక్తం అందుతూనే ఉంది. రెండు నిమిషాల్లోపు సర్దుకున్న ఇలాంటి తగ్గుదల వల్ల మెదడు దెబ్బతినదు. లేచాక మిమ్మల్ని గుర్తుపట్టాడు, చేయి నొప్పి అని ఏడ్చాడు, రాత్రికి పాలు అడిగాడు అని మీరే రాశారు. అత్తమ్మగారికి ఆ మూడూ చెప్పండి. సాయంత్రం వాంతులు కెటమిన్ ఇచ్చిన పిల్లల్లో మామూలుగా చూసేవే, వాటికీ మెదడుకీ సంబంధం లేదు.

అసలు ఏం జరిగిందో చెబుతాను, ఎందుకంటే తెలియని భయం రాత్రిపూట ఇంకా పెద్దదవుతుంది.

అన్నం తింటుంటే మనకి పొలమారుతుంది కదా. ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తడతాం. ఆ క్షణంలో గొంతులో ఉన్న స్వరతంతువులు, అంటే మనం మాట్లాడటానికి వాడే ఆ రెండు తెరలు, టక్కున మూసుకుంటాయి. మెతుకు గాలిగొట్టంలోకి పోకుండా శరీరం తలుపు వేసుకుంటుందన్నమాట. మనం మెలకువగా ఉంటాం కాబట్టి దగ్గుతాం, కళ్లలో నీళ్లొస్తాయి, తలుపు తెరుచుకుంటుంది. సగం మత్తులో ఉన్న పిల్లవాడి గొంతు మీద ఒక చుక్క ఉమ్మో కఫమో పడినప్పుడు కూడా ఆ తలుపు అలాగే మూసుకుంటుంది, కానీ వెంటనే తెరుచుకోవాలన్న సంగతి మత్తులో ఉన్న శరీరానికి తట్టదు. దీన్నే లారింగోస్పాజమ్ అంటారు. కేసు షీటులో మీకు అర్థం కాలేదన్న పదం అదే.

కెటమిన్‌తో ఇక్కడ ఒక చిక్కు ఉంది. మిగతా మత్తుమందులు చాలావరకు ఊపిరిని మందగింపజేస్తాయి, గొంతు కండరాలను వదులు చేస్తాయి, నాలుక వెనక్కి పడి దారి మూసుకుంటుంది. కెటమిన్ అలా చేయదు. నొప్పి తెలియనివ్వదు, ఆ సంగతి గుర్తుండనివ్వదు, ఊపిరిని మాత్రం పిల్లవాడికే వదిలేస్తుంది, గొంతు తలుపును మెలకువగా ఉంచుతుంది. క్యాజువాలిటీలో పిల్లలకు అందరూ దాన్నే ఎంచుకునేది ఇందుకే. కానీ మెలకువగా ఉన్న తలుపే కదా అవసరం లేనప్పుడు కూడా మూసుకునేది. దానికితోడు కెటమిన్ నోట్లో ఊట పెంచుతుంది.

కోడి కూసినట్టు శబ్దం వచ్చిందని రాశారు, సరిగ్గా పట్టుకున్నారు. సందు కొంచెం మిగిలి ఉంటే గాలి దూరుతూ ఆ శబ్దం వస్తుంది. సందు పూర్తిగా మూసుకుంటే శబ్దం ఆగిపోతుంది. చాలామంది తల్లిదండ్రులు, ఒక్కోసారి కొత్త డాక్టర్లు కూడా, శబ్దం ఆగితే హమ్మయ్య తగ్గింది అనుకుంటారు. డొక్కలు ఎగురుతూ, పొట్ట పైకీ కిందికీ ఊగుతూ, శబ్దం లేకపోతే అదే అసలు గడ్డు సమయం. మీ డాక్టర్ ఆ సంగతి వెంటనే గుర్తించారు. చెవుల వెనక నొక్కడం మోటుగా అనిపించి ఉంటుంది, రెండు రోజులు అక్కడ ఎర్రటి మచ్చలున్నాయని మీరు రాశారు. చెవి తమ్మె వెనక, దవడ ఎముకకూ తల ఎముకకూ మధ్య చిన్న గుంట ఉంటుంది. అక్కడ రెండు వైపులా లోపలికి నొక్కుతూ దవడను ముందుకు లేపితే ఆ బిగువు వదులుతుంది. 1998లో లార్సన్ అనే మత్తు డాక్టర్ ఈ కిటుకును వైద్య పత్రికలో రాశారు, అప్పటి నుంచి ఆయన పేరే దానికి నిలిచిపోయింది. దాంతోపాటు మాస్కు బిగించి ఆక్సిజన్‌ను ఒత్తిడితో పంపితే చాలామంది పిల్లల్లో అక్కడితో సర్దుకుంటుంది. వినకపోతే కండరాలను పూర్తిగా వదులు చేసే ఇంజెక్షన్ ఇచ్చి గొంతులో గొట్టం వేయాలి. మీ బాబుకి ఆ అవసరం రాలేదు. ఆ మచ్చలు మోటుతనానికి గుర్తులు కావమ్మా, మీ బాబుని కాపాడిన చేతి గుర్తులు.

ఇప్పుడు మీ బంధువు మాటలు.

డోసు ఎక్కువైందా? మనమే లెక్క వేద్దాం. షీటులో బాబు బరువు 16 కిలోలు, ఇచ్చింది 70 మిల్లీగ్రాములు. కిలోకి దాదాపు 4.4. కండరానికి ఇచ్చేటప్పుడు కిలోకి 4 నుంచి 5 మిల్లీగ్రాములు అందరూ పాటించే మోతాదు. నరానికి ఇస్తే ఒకటిన్నర దగ్గర సరిపోతుంది. మీ బంధువు నరానికి ఇచ్చే లెక్కతో పోల్చి మూడింతలు ఇచ్చారని అనుకుని ఉండవచ్చు. మోతాదులో తప్పు లేదు.

ఊట ఆగే ఇంజెక్షన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆయన చెప్పింది మా చదువుకునే రోజుల్లో మేమందరం నమ్మిన మాటే. కెటమిన్ ఊట పెంచుతుంది కాబట్టి ముందుగా అట్రోపిన్ లాంటిది ఇచ్చి నోరు ఎండేలా చేస్తే గొంతు బిగుసుకోదని మాకు నేర్పారు. నేనూ వందల మందికి అలాగే ఇచ్చాను. 2009లో రకరకాల ఆసుపత్రుల క్యాజువాలిటీల్లో కెటమిన్ తీసుకున్న 8,282 మంది పిల్లల వివరాలను ఒకచోట చేర్చి చూశారు. ఆ ఊట ఆపే ఇంజెక్షన్ కలిపి ఇచ్చిన పిల్లల్లో గొంతు, ఊపిరి సమస్యలు తక్కువ కాదు, ఎక్కువగా కనిపించాయి. రెండేళ్లలోపు పసివాళ్లలో, పదమూడేళ్లు దాటిన పెద్ద పిల్లల్లో, నరానికి పెద్ద మోతాదు ఇచ్చినవాళ్లలో కూడా ఎక్కువే. మొత్తం మీద 100 మందిలో దాదాపు నలుగురికి ఊపిరికి సంబంధించి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది, మీ బాబుకి వచ్చినట్టు గొంతు బిగుసుకోవడం 1000 మందిలో ముగ్గురికి. ఆ లెక్కలు వచ్చాక నేను ఆ ఇంజెక్షన్‌ను అలవాటుగా ఇవ్వడం మానేశాను. మీ డాక్టర్ ఇవ్వకపోవడం తప్పు కాదు.

మిగిలింది మీరు ఎవరికీ చెప్పని మాట.

జలుబు, దగ్గు ఉన్న పిల్లల్లో గాలిదారి మామూలుగానే చికాకుగా ఉంటుంది, కొంచెం తగిలినా ఉలిక్కిపడుతుంది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మత్తు తీసుకున్న 9,297 మంది పిల్లలను గమనించి 2010లో ప్రచురించారు. అప్పటికే జలుబు ఉన్నవాళ్లలో, రెండు వారాల లోపు వచ్చి తగ్గినవాళ్లలో కూడా గొంతు బిగుసుకోవడం లాంటివి ఎక్కువగా జరిగాయి. ఉబ్బసం, పిల్లికూతలు ఉన్న పిల్లల్లో, ఇంట్లో పొగ తాగేవాళ్లున్న పిల్లల్లో కూడా అంతే. కాబట్టి మీ బాబు జలుబుకి ఇందులో వాటా లేదని నేను చెప్పలేను. మీకు అబద్ధం చెప్పి నిద్రపుచ్చడం నాకు ఇష్టం లేదు.

కానీ ఆ రోజు మీరు నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదో కూడా చెబుతాను. చేయి వంకర తిరిగి, పిల్లవాడు కేకలు పెడుతున్నప్పుడు, జలుబు తగ్గేదాకా రెండు వారాలు ఆగుదాం అని ఏ డాక్టరూ అనరు. ఎముక ఆగదు, ఐదేళ్ల పిల్లాడి ఎముక వంకరగానే అతుక్కోవడం మొదలుపెడుతుంది. బహుశా అదే మందుతో, అదే రోజు చేసేవారు. తేడా ఎక్కడంటే, ముందే నరంలో సూది పెట్టి ఉంచేవారు, గొంతులో ఊట లాగే మిషన్ ఆన్ చేసి తల దగ్గర పెట్టుకునేవారు, బహుశా మత్తు డాక్టర్‌ని కూడా పిలిచేవారు. గొంతు బిగుసుకున్నా ఆ రెండు నిమిషాలు ఒక నిమిషం అయ్యేదేమో. మీరు దాచింది బాబు మీది ప్రేమ వల్ల, భయం వల్ల. ఇక ముందు మాత్రం దాచకండి. పిల్లల గురించి ఏ మాట దాచినా దాని బరువు మత్తు ఇచ్చే మనిషి చేతుల మీద, తెలియకుండా పడుతుంది. మా డాక్టర్ల వైపు తప్పు కూడా ఉంది. జలుబు ఉందంటే కసురుకోవడం, తిన్నాడంటే "ఎందుకు పెట్టారు" అని విరుచుకుపడటం చూసీ చూసీ తల్లులు లేదనడం నేర్చుకున్నారు. ఇది రాస్తుంటే నా మనసులో మెదులుతున్న మొహాలు కొన్ని ఉన్నాయి.

ఇడ్లీల గురించి మాత్రం మనసులోంచి తీసేయండి. కెనడాలో ఆరు క్యాజువాలిటీల్లో మత్తు ఇచ్చిన 6,183 మంది పిల్లలను చూస్తే దాదాపు సగం మంది మామూలుగా చెప్పే గంటల ప్రకారం కడుపు ఖాళీగా లేరు. వాళ్లలో సమస్యలు ఎక్కువ కాలేదు. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయిన పిల్లవాడు ఒక్కడూ లేడు. అందుకే ఇప్పుడు అత్యవసరమైతే తిన్నాడన్న ఒక్క కారణానికి ఆపరు. చెప్పడం మాత్రం చెప్పాలి, నిర్ణయం వాళ్లది. ముందుగా నిర్ణయించుకున్న ఆపరేషన్లకు ఈ వెసులుబాటు లేదు. వాటికి మామూలు తిండి 6 గంటల ముందు ఆపాలి, మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగొచ్చు.

కేసు పెట్టాలా అని అడిగారు. దానికి నాకు తోచింది చెప్పే ముందు ఒక సంగతి చెప్పాలి.

నేను పీజీ చేస్తున్న రోజుల్లో, ఒక ఆసుపత్రిలో, నుదురు చీలిన నాలుగేళ్ల పాపకి కుట్లు వేస్తున్నాం. నరానికి రెండు రకాల మత్తు కలిపి ఇచ్చాం. ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం, మొహం మీద ఆకుపచ్చ గుడ్డ, గుడ్డకి ఉన్న కంతలోంచి నుదురు ఒక్కటే కనిపిస్తోంది. వేలికి పెట్టిన క్లిప్పు 99 చూపిస్తోంది. అందరం గాయం వైపు చూస్తున్నాం. కుట్లు అయిపోయాయి, చేతులు కడుక్కోవడానికి లేచాం. అప్పుడు ఒక సిస్టర్ గుడ్డ ఎత్తి, "సార్, పాప ఛాతీ కదలడం లేదు" అంది. ఆక్సిజన్ ఇస్తున్నాం కాబట్టి ఊపిరి ఆగిన తర్వాత కూడా కాసేపు వేలి క్లిప్పు మంచి అంకెలే చూపిస్తుంది. ఆ మిషన్ ఎంతో గొప్పది, జపాన్ ఇంజనీరు టకువో అవోయాగి 1974లో దానికి దారి వేసి ఎన్ని లక్షల ప్రాణాలు నిలబెట్టాడో. కానీ అది రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చెబుతుంది, పిల్ల ఊపిరి తీస్తోందో లేదో చెప్పదు. పైగా కుట్ల నొప్పి ఉన్నంతసేపూ ఆ నొప్పే పాపను తట్టి లేపుతూ ఉంటుంది. నొప్పి ఆగిన మరుక్షణం మత్తు ఒక్కసారిగా లోతుకి లాగేస్తుంది. ఇప్పుడు పని అయిపోయాకే నేను ఎక్కువ జాగ్రత్తగా ఉంటాను. మీ బాబుకి కూడా ఎముక సరిచేశాక, కట్టు వేస్తున్నప్పుడే వచ్చింది, గమనించారా. ఆ పాప బతికింది. ఆ సిస్టర్ వల్ల బతికింది.

అందుకే ఇలాంటిది జరిగినప్పుడు నేను అడిగే ప్రశ్న ఒక్కటే. గొంతు ఎందుకు బిగుసుకుంది అని అడగను, ఎంత జాగ్రత్తగా ఉన్నా వెయ్యిలో కొందరికి జరుగుతుంది. ఎముక చూసే డాక్టర్ కాకుండా, పిల్లవాడి ఊపిరి మాత్రమే చూసే మనిషి ఆ గదిలో విడిగా ఉన్నారా? మాస్కు, బెలూన్, ఊట లాగే మిషన్ ఆ క్షణంలో చేతికి అందాయా? ఈ నియమాలు ఊరికే పుట్టలేదు. అమెరికాలో పిల్లల డాక్టర్ల అకాడమీ మత్తు గురించిన తొలి మార్గదర్శకాలను 1985లో రాసింది, దంతాల వైద్యం చేయించుకుంటూ ముగ్గురు పిల్లలు మత్తులో చనిపోయిన తర్వాత. మీ షీటు ప్రకారం ఎముక సరిచేసింది ఒకరు, మత్తు ఇచ్చి తల దగ్గర నిలబడింది ఇంకొకరు, రాసింది సిస్టర్. మాస్కు అర నిమిషం లోపే పడింది. జరిగింది జరిగినట్టు మీకు చెప్పారు, దాని పేరు కూడా కాగితం మీద పెట్టారు. దాచాలనుకునేవాళ్లు అలా రాయరు. నేనైతే కేసు పెట్టను. మీ ఇద్దరూ ఒకసారి వెళ్లి ఆ డాక్టర్‌తో కూర్చుని మాట్లాడండి, జలుబు సంగతీ చెప్పండి. మీ మనసు తేలికపడుతుంది, ఆయనకూ కారణం తెలుస్తుంది. నన్ను అడిగితే ఒక్క లోటు కనిపించింది, పిల్లికూతలు, ఉబ్బసం గురించిన గడి ఖాళీగా ఉంది. ఆ మాట కూడా ఆయనతో అనండి, మర్యాదగా అనండి.

చదువుతున్న మిగతా తల్లిదండ్రులకి ఒక మాట. కేసు షీటు అడిగితే ఇవ్వాల్సిందే. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి.

హెర్నియా ఆపరేషన్‌కి మత్తు ఇవ్వచ్చు. ఒకసారి గొంతు బిగుసుకున్నంత మాత్రాన ఇక జీవితంలో మత్తు పనికిరాదని కాదు, ఇది మందు పడకపోవడం లాంటిది కాదు. ఆ రోజు పరిస్థితి అంతా వేరుగా ఉంటుంది. ఆపరేషన్ థియేటర్, మత్తు డాక్టర్, నరంలో సూది, ఊపిరితో వచ్చే గాలిని ప్రతి శ్వాసకీ కొలిచే మిషన్. ముఖ్యంగా అప్పుడు మన చేతిలో సమయం ఉంటుంది. జలుబు చేస్తే రెండు మూడు వారాలు ఆగి చేయమని మీరే అడగొచ్చు. అలాగని భయంతో ఆ ఆపరేషన్‌ను ఏడాదులు నెట్టుకుపోకండి. గజ్జల్లో వాపు గట్టిపడి లోపలికి పోకపోయినా, నొప్పితో వాంతులైనా ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలి. మీ వారికి సిగరెట్ అలవాటు ఉందని రాశారు. ఆపరేషన్ దాకా అయినా ఇంట్లో ఆ పొగ లేకుండా చూడమనండి. ఇది నేను బతిమాలి చెబుతున్నాను.

మత్తు వల్ల బుద్ధి మందగిస్తుందా అని కూడా అత్తమ్మగారి ప్రశ్న ఒకటుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2016లో ఇచ్చిన హెచ్చరిక మూడేళ్లలోపు పిల్లలకు, మూడు గంటలకు మించిన మత్తు గానీ పదేపదే ఇచ్చే మత్తు గానీ ఉంటే. మీ బాబుకి ఐదేళ్లు. అంతకన్నా చిన్నవాళ్లలో కూడా చూశారు. ఏడు దేశాల్లో, నెలల పసిపిల్లల్లో, సరిగ్గా ఈ హెర్నియా ఆపరేషన్ కోసమే గంటలోపు మత్తు ఇచ్చినవాళ్లనూ, మత్తు లేకుండా నడుం దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్‌తో చేసినవాళ్లనూ ఐదేళ్లు వచ్చాక పరీక్షించారు. 2019లో ఫలితం వచ్చింది, రెండు గుంపుల తెలివిలో తేడా లేదు.

ఒక్క విషయంలో మాత్రం నేను ఎప్పుడూ గట్టిగా చెబుతాను, మీ ప్రశ్నలో లేకపోయినా. స్కానింగ్‌కో, గుండె ఎకోకో వెళ్లేముందు పిల్లవాడు నిద్రపోవాలని ట్రైక్లోఫాస్ సిరప్ చాలాచోట్ల రాస్తారు. దాన్ని ఇంట్లో తాగించి బయల్దేరకండి. ఆసుపత్రిలో, చూసుకునే మనుషుల మధ్యే తాగించండి. దాని మత్తు గంటల తరబడి ఉంటుంది, పరీక్ష అయ్యాక కూడా. అమెరికాలో పిల్లల మత్తులో జరిగిన 95 ప్రమాదాలను పరిశీలించి 2000లో ప్రచురిస్తే వాటిలో 51 మంది పిల్లలు చనిపోయారు, తొమ్మిది మందికి మెదడు శాశ్వతంగా దెబ్బతింది. ఇంటి దగ్గరే మందు తాగి దారిలో వాహనంలో ఊపిరి ఆగినవాళ్లు, అన్నీ అయ్యాక ఇంటికి పోతూ ఆగినవాళ్లు కూడా ఆ లెక్కలో ఉన్నారు. మన దగ్గర ఇంకో ప్రమాదం బైకు. మత్తు పూర్తిగా దిగని పిల్లవాడిని ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని వెళ్తారు. తల ముందుకి వాలి గడ్డం ఛాతీకి ఆనుకుంటే చిన్నపిల్లల గాలిదారి మడత పడిపోతుంది. వెనక కూర్చున్న అమ్మకి పాప నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది. పిల్లవాడు మెలకువగా ఉండి, మాట్లాడి, పట్టుకోకుండా కూర్చోగలిగేదాకా ఆసుపత్రి వదలకండి. ఆటోలో ఒక పెద్దమనిషి పని అంతా ఆ తలను నిటారుగా పట్టుకోవడమే. ఇంట్లో పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఆ రోజు నిద్ర వచ్చే జలుబు సిరప్‌లు వద్దు. గుర్రు మారినా, డొక్కలు ఎగిరినా, తట్టినా లేవకపోయినా 108కి ఫోన్ చేయండి.

మత్తే లేకుండా చేయించేస్తే పోలా అని మీ వారు అన్నారట. నేను చదువుకునే రోజుల్లో క్యాజువాలిటీల్లో అలాగే చేసేవారు. నలుగురు మనుషులు పిల్లవాడి కాళ్లూ చేతులూ అదిమి పట్టుకుంటే ఒకరు ఎముక లాగేవారు. బయట తల్లి గోడకి తల కొట్టుకునేది. ఆ కేకలు విన్నవాడిని నేను. 1962లో తయారై, 1970లో అమెరికాలో అనుమతి పొందిన ఈ కెటమిన్ మన చిన్న ఊళ్ల ఆసుపత్రులకు అందాక ఆ కేకలు తగ్గాయి. ఆ రోజులు మళ్లీ రాకూడదనే నేను కోరుకుంటాను. మీ బాబుకి ఎముక లాగిన సంగతి ఇప్పుడు గుర్తులేదని మీరే రాశారు.

ఇక ఒక కాగితం తీసుకోండి. ఇలా రాయండి: "సంక్రాంతి నాడు చేయి విరిగినప్పుడు తొడకి కెటమిన్ 70 మి.గ్రా. ఇచ్చారు, అప్పటి బరువు 16 కిలోలు. పద్నాలుగు నిమిషాల తర్వాత గొంతు బిగుసుకుంది, ఆక్సిజన్ 71కి పడింది. దవడ ఎత్తి, మాస్కుతో ఆక్సిజన్ ఇస్తే సర్దుకుంది. గొట్టం వేయలేదు. అప్పుడు నాలుగు రోజులుగా జలుబు, దగ్గు ఉన్నాయి." కింద తేదీ వేసి, కేసు షీటు జిరాక్స్‌తో కలిపి బాబు ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టండి. హెర్నియా ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ వచ్చి ప్రశ్నలు మొదలుపెట్టేలోపే ఆ కాగితం ఆయన చేతికి ఇవ్వండి.